సంక్రాంతి సెలవులకు ముందు ఏ ప్యాచ్ మొదట వేయాలి? చేతిలో 1,412 లోపాల జాబితా

తీరంగాలి · శనివారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. గాజువాక వైపు ఒక రొయ్యల ఎగుమతి సంస్థలో కంప్యూటర్ల బాధ్యత నాది. అరవై మూడు కంప్యూటర్లు, రెండు సర్వర్లు, ఒక ఫైర్‌వాల్, శీతల గిడ్డంగి ఉష్ణోగ్రతలు నమోదు చేసే ఒక పాత యంత్రం. వీటన్నిటికీ నేనొక్కడినే. విదేశీ కొనుగోలుదారు అడిగాడని మా యజమాని గారు బయటివారితో భద్రతా పరీక్ష చేయించారు. నిన్న సాయంత్రం నివేదిక చేతికి వచ్చింది. మొత్తం 1,412 లోపాలు. అందులో "క్రిటికల్" అని ఎర్ర రంగులో 96.

బుధవారం భోగి. ఆ రోజు నుంచి ఆదివారం దాకా ఆఫీసు మూత. అంటే నా దగ్గర నాలుగు రోజులే ఉన్నాయి. ఎర్ర రంగువాటికి పై నుంచి వరసగా ప్యాచ్‌లు, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌లు, వేసుకుంటూ పోదామని కూర్చున్నాను. మొదటి పదిలో ఆరు ఒకే కంప్యూటర్‌వి. లెక్కల విభాగంలో వారానికి ఒకసారి తెరిచే యంత్రం అది, ఇంటర్నెట్ కూడా లేదు. మా సంస్థకూ బయటి ప్రపంచానికీ మధ్య తలుపు లాంటి ఫైర్‌వాల్ మాత్రం జాబితాలో ఎక్కడో 140వ వరసలో ఉంది. ఈ వరస తప్పని మనసుకు తెలుస్తోంది, సరైన వరస ఏమిటో తెలియడం లేదు. అనుభవమున్నవారు చెప్పగలరా?

లైట్‌హౌస్ · శనివారం ఉదయం 10:55

మీ అనుమానం సరైనదే. పదికి ఇన్ని అని వేసే ఆ సీవీఎస్ఎస్ అంకె, లోపాన్ని ఎవరైనా వాడుకుంటే ఎంత నష్టమో, వాడుకోవడం ఎంత తేలికో చెబుతుంది. ఎవరైనా నిజంగా వాడుతున్నారా అన్నది నివేదికల్లో కనిపించే ఆ మూల అంకెలో ఉండదు.

విశాఖలో ఉన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనవసరం లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన ప్రతిసారీ మనం తలుపులు బిగించుకోము. ఎటు వస్తోంది, ఎక్కడ తీరం దాటుతుంది అని అడుగుతాము. రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు కూడా తుపాను ఎంత పెద్దదో ఒక్కటే చెప్పదు, ఈ రేవుకు దానివల్ల వచ్చే ముప్పు ఎంతో చెబుతుంది. సీవీఎస్ఎస్ తుపాను బలం. మీకు కావలసింది హెచ్చరిక నంబరు.

దానికి దగ్గరగా ఉన్నది అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ఏ 2021 నవంబరు నుంచి నడుపుతున్న కేఈవీ జాబితా. దాడుల్లో వాడినట్టు నమ్మదగిన ఆధారం ఉన్న లోపాలే అందులోకి వెళ్తాయి. 2024 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 40 వేలకు పైగా కొత్త లోపాలకు సీవీఈ అనే గుర్తింపు సంఖ్యలు ఇచ్చారు. కేఈవీ జాబితా మొదలైన నాటి నుంచి అందులో చేరినవన్నీ కలిపినా రెండు వేలు కూడా లేవు. అంటే గడ్డివాములో ఎక్కడ వెతకాలో ఎవరో ముందే గుర్తు పెట్టి ఉంచారు. జాబితా ఉచితం, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. మీ నివేదికలోని సీవీఈ సంఖ్యల వరసను దానితో సరిపోల్చండి. గంట పని. అది చేశాక మళ్ళీ రాయండి.

ఎర్రమట్టిదిబ్బలు · శనివారం ఉదయం 11:20

నేను ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం విద్యార్థిని. ఒక సందేహం. లోపాన్ని వాడుకునే కోడ్ ఎవరైనా ఇంటర్నెట్‌లో పెట్టేస్తే, దాడులు జరుగుతున్నట్టే లెక్కా?

లైట్‌హౌస్ · శనివారం ఉదయం 11:41

కాదు, రెండూ వేరు. పరిశోధకులు నిరూపణ కోసం పెట్టే కోడ్ వేల లోపాలకు ఉంది. వాటిలో చాలావాటిని దాడులకు ఎవరూ ముట్టుకోలేదు. కేఈవీలో చేరాలంటే అలాంటి కోడ్ ఉండడం చాలదు, ఎవరో తలుపులు తట్టి చూశారన్న స్కానింగ్ సమాచారమూ చాలదు. యజమాని అనుమతి లేకుండా ఒక వ్యవస్థ మీద దాన్ని ప్రయోగించినట్టు ఆధారం ఉండాలి. సీవీఈ సంఖ్య కేటాయించి ఉండాలి, చేయవలసిన పరిష్కారం స్పష్టంగా ఉండాలి.

ఇంకా దాడి మొదలుకాని వాటి కోసం ఈపీఎస్ఎస్ అనే అంచనా ఉంది. రాబోయే 30 రోజుల్లో ఒక లోపాన్ని ఎవరైనా వాడే అవకాశం ఎంత అన్నది సున్నా నుంచి ఒకటి మధ్య చెబుతుంది, రోజూ మారుతుంది. వాతావరణ కేంద్రం ముందస్తు సూచన లాంటిది. కేఈవీ తర్వాత నేను చూసేది అదే.

పూర్ణామార్కెట్ · శనివారం మధ్యాహ్నం 1:05

నేను కొంచెం వేరుగా చెబుతాను, దయచేసి కోపగించుకోవద్దు. పండగ ముందు నాలుగు రోజుల్లో సర్వర్లను కదిలించడం నాకు నచ్చని పని. రెండేళ్ళ క్రితం ఒక దీపావళి ముందు, హోల్‌సేల్ దుకాణంలో నేనే ఉత్సాహపడి అన్ని అప్‌డేట్‌లూ ఒకే రాత్రి వేశాను. తెల్లారేసరికి బిల్లుల ప్రింటర్లు ఒక్కటీ పలకలేదు. కొట్టు ముందు జనం, లోపల చేతిరాత బిల్లులు. ఆ రోజు యజమాని ముఖం నాకింకా గుర్తుంది.

పెద్ద సంస్థలకే తప్పలేదు. 2024 జూలై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. ఒకటి రెండు వారాలు ఆగి, ఎవరికీ ఇబ్బంది రాలేదని తెలిశాక వేయడమే నా పద్ధతి. ఎగుమతి సంస్థలో సరుకు పాడయ్యేది. ఒక పూట ఆగినా నష్టమే.

ఉప్పుగాలి · శనివారం మధ్యాహ్నం 2:48

పూర్ణామార్కెట్ గారూ, మీ అనుభవాన్ని తక్కువ చేయను. కానీ నా అనుభవం కూడా వినండి.

రేవు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీలో నాలుగేళ్ళు పనిచేశాను. పేరు అనవసరం. ఇళ్ళ నుంచి పనిచేసేవారి కోసం ఫైర్‌వాల్‌లో వీపీఎన్, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి, పెట్టాము. దానిలో లోపం ఉందని, దాన్ని వాడి దుండగులు లోపలికి వస్తున్నారని ప్రకటన వచ్చింది, అదే రోజు ప్యాచ్ కూడా వచ్చింది. నేను మీలాగే ఆలోచించాను. నెలాఖరు, షిప్పింగ్ బిల్లుల ఒత్తిడి, ఇప్పుడు వీపీఎన్ ఆపితే అందరూ నన్నే తిడతారు. "వచ్చే వారం" అని డైరీలో రాసుకున్నాను. వచ్చే వారం కూడా అదే రాసుకున్నాను.

పద్దెనిమిదో రోజు, ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు కాపలా మనిషి ఫోను చేశాడు, ప్రింటర్ల నుంచి కాగితాలు వాటంతట అవే వస్తున్నాయని. వెళ్ళి చూస్తే ప్రతి కాగితం మీదా డబ్బు అడుగుతూ ఒకే సందేశం. ఫైళ్ళన్నీ తాళం పడిపోయాయి. బ్యాకప్ ఉంది కదా అని గుండె చేత్తో పట్టుకుని ఆ పెట్టె దగ్గరికి వెళ్ళాను. అదీ అదే నెట్‌వర్క్‌లో, అదే అడ్మిన్ పాస్‌వర్డ్‌తో ఉంది. దాన్నీ వదల్లేదు.

పదకొండు రోజులు పట్టింది మళ్ళీ నిలబడడానికి. శీతల కంటైనర్లు రేవులో ఆగిపోయి, రోజుకింత అని అద్దె పెరుగుతూ పోయింది. మీ ప్రింటర్లు ఒక పూట ఆగాయి. మీరు వాటిని వెనక్కి తిప్పగలిగారు. నేను వెనక్కి తిప్పడానికి ఏమీ మిగల్లేదు. ఈ తేడా ఒక్కటి గుర్తు పెట్టుకోండి.

లైట్‌హౌస్ · శనివారం మధ్యాహ్నం 3:30

2017లో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రైని ఆపే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. దాడి జరిగింది మే 12న. మధ్యలో 59 రోజులు. అయినా మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ తరహా వ్యవధి ఇప్పుడు దొరకదు. 2021 డిసెంబరులో, ఎన్నో సాఫ్ట్‌వేర్లలో భాగమైన లాగ్‌ఫోర్‌జె లోపం లోకానికి తెలిసేసరికే దాడులు మొదలైపోయాయి. రెండు వారాలు ఆగడం మామూలు ప్యాచ్‌లకు మంచి పద్ధతే. దాడి జరుగుతున్నవాటికి అదే పద్ధతి వాడితే ఆ రెండు వారాలూ దుండగుడికి ఇచ్చినట్టు. అమెరికా ప్రభుత్వ శాఖలకు కొత్త కేఈవీ లోపాలకు మామూలుగా ఇచ్చే గడువే రెండు మూడు వారాలు, అది ఆఖరి తేదీ.

పూర్ణామార్కెట్ · శనివారం సాయంత్రం 4:15

ఉప్పుగాలి గారూ, చదివి చాలాసేపు ఊరుకున్నాను. బయటికి తెరుచుకుని ఉన్న పరికరం విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. లోపలి కంప్యూటర్ల విషయంలో మాత్రం, ముందు మూడు యంత్రాల మీద వేసి ఒక పూట పని చేయించి చూడండి అనే చెబుతాను. ఆ మూడింటిలో ఒకటి తప్పకుండా బిల్లులు వేసేదై ఉండాలి. నేను ఆ రోజు చేయని పని అదే.

తీరంగాలి · శనివారం రాత్రి 9:37

సరిపోల్చాను. 1,412లో కేఈవీకి తగిలినవి 118 వరసలు. ఒకే లోపం చాలా కంప్యూటర్లలో ఉండడం వల్ల అన్ని వరసలు వచ్చాయి, విడివిడిగా చూస్తే లోపాలు తొమ్మిదే. పొద్దున నుంచి ఛాతీ మీద ఉన్న బరువు కొంత దిగింది.

ఆశ్చర్యపడినవి రెండు. ఎర్ర రంగు 96లో ఆ తొమ్మిదిలోకి వచ్చినవి మూడే. ఇంకొకటి, విన్‌రార్! నలభై ఒక్క కంప్యూటర్లలో పాత విన్‌రార్ ఉంది, సీవీఈ-2023-38831. అంకె 7.8 మాత్రమే, ఎర్ర రంగు కూడా కాదు. మిగతావి ఫైర్‌వాల్ వీపీఎన్‌వి ఒకటి, సర్వర్లవి రెండు, బ్రౌజర్లవి నాలుగు, ఉష్ణోగ్రతల యంత్రానిది ఒకటి. ఆ యంత్రం విండోస్ 7. దాన్ని ఏమి చేయాలో తెలియడం లేదు.

లైట్‌హౌస్ · శనివారం రాత్రి 10:20

విన్‌రార్ మీకు పెద్ద విషయమే. దానంతట అది అప్‌డేట్ కాదు, అందుకే ఒకసారి వేశాక ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఆ లోపాన్ని 2023 ఏప్రిల్ నుంచే వాడారు, సరిచేసిన 6.23 ఆగస్టులో వచ్చింది. కుదించిన ఫైలు తెరిచి లోపల మామూలుగా కనిపించే చిత్రాన్నో పత్రాన్నో నొక్కితే చాలు, వెనక వేరే స్క్రిప్టు నడుస్తుంది. ఎగుమతి సంస్థకు రోజూ విదేశాల నుంచి ఇన్వాయిస్‌లు, పరీక్ష పత్రాలు కుదించిన ఫైళ్ళుగానే వస్తాయి కదా. అయితే 6.23తో ఆగకండి, 2025లో ఇంకొక లోపాన్ని దాడుల్లో వాడారు, అది 7.13లో పోయింది. అసలు అవసరం లేనివారి దగ్గర తీసివేయడమే మేలు.

చిన్న అంకెల గురించి ఒక మాట. 2024 నవంబరులో పాలో ఆల్టో ఫైర్‌వాల్‌ల మీద జరిగిన దాడుల్లో రెండు లోపాలను జంటగా వాడారు. ఒకటి 9.3, రెండవది 6.9. మొదటిది గేటు దూకడానికి, రెండవది ఇంటి పెత్తనం చేజిక్కించుకోవడానికి. అంకె చూసి వరస పెట్టేవాడి జాబితాలో రెండవది ఎక్కడో అడుగున ఉండిపోతుంది.

మీ వరస నా దృష్టిలో ఇది. రేపే ఫైర్‌వాల్. ముందుగా దాని సెట్టింగుల కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో విడిగా ఉంచండి, ప్రస్తుత వెర్షన్ నుంచి కొత్తదానికి నేరుగా వెళ్ళవచ్చో, మధ్యలో మెట్టు ఉందో తయారీదారు పేజీలో చూడండి. తర్వాత సర్వర్లు. ఆపైన బ్రౌజర్లు, విన్‌రార్. బ్రౌజర్లు చాలావరకు వాటంతట అవే కొత్తవి దించుకుని ఉంటాయి, మూసి తెరవకపోవడం వల్ల పాతవే నడుస్తుంటాయి. ఉష్ణోగ్రతల యంత్రం సంగతి తెలిసినవారు చెప్పాలి.

భీమిలి_బాట · ఆదివారం ఉదయం 7:50

ఆ సంగతి నేను చెబుతాను. పరవాడ వైపు మందుల కర్మాగారంలో పన్నెండేళ్ళుగా ఉన్నాను. ప్రయోగశాల పరికరాలకు తగిలించిన పాత విండోస్ యంత్రాలు మా దగ్గర చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్క ఫైలు మార్చినా పరికరాన్ని మళ్ళీ ధ్రువీకరించాలి. పైగా విండోస్ 7కు ఉచిత మద్దతు 2020 జనవరి 14నే ఆగింది. "ప్యాచ్ వేయండి" అనే మాట అక్కడ పనిచేయదు.

ప్యాచ్ వేయలేని యంత్రాన్ని ఒంటరిని చేయాలి. స్విచ్‌లో దానికి వేరే వీల్యాన్, అంటే విడి నెట్‌వర్క్ భాగం, ఇచ్చి, అంకెలు పంపవలసిన ఒక్క సర్వర్‌తో, ఒక్క పోర్టులో తప్ప మరెవరితోనూ మాట్లాడకుండా కట్టడి చేయండి. ఇంటర్నెట్ పూర్తిగా బంద్. పెన్‌డ్రైవ్‌లు బంద్. ఫైళ్ళ పంపకానికి వాడే పాత ఎస్‌ఎంబీ ఒకటో వెర్షన్ అవసరం లేకపోతే ఆపండి, వానాక్రై పాకింది దాని మీదుగానే. ఇవన్నీ చేసి, ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఆ యంత్రాన్ని ఎప్పుడు మారుస్తామో కాగితం మీద రాసి యజమాని సంతకం తీసుకోండి. సంతకం ఎందుకంటే, అప్పుడు అది మీ ఒక్కరి భయంగా కాక సంస్థ తెలిసి తీసుకున్న నిర్ణయంగా ఉంటుంది. కొత్త యంత్రానికి డబ్బు అడిగినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఇంకొకటి. కేఈవీలో లేదు కనుక భద్రమే అనుకోకండి. మనవాళ్ళు వాడే స్థానిక లెక్కల సాఫ్ట్‌వేర్లు, చిన్న కంపెనీల కెమెరా పెట్టెలు ఆ జాబితాలో కనిపించే అవకాశం తక్కువ. మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరికలు కూడా చూస్తూ ఉండాలి.

కొండదారి · ఆదివారం ఉదయం 9:02

ఋషికొండ నుంచి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, ఈసారి 13న. మన సమయం ప్రకారం రాత్రి పదకొండున్నరకు. మర్నాడే భోగి. ఆ రాత్రి మేలుకుని, కొత్తవాటిలో "దాడి జరుగుతోంది" అని గుర్తు ఉన్నవి ఏవో చూసి, సర్వర్లకు సంబంధించినవైతేనే వేయండి. మిగతావి సెలవుల తర్వాత.

ఉప్పుగాలి · ఆదివారం ఉదయం 10:30

ఇది ఎవరూ అనలేదు కనుక అంటున్నాను, దీనికి నేను చాలా చెల్లించాను. ప్యాచ్ తలుపు మూస్తుంది. అప్పటికే లోపలికి వచ్చినవాడిని బయటికి పంపదు.

2023 అక్టోబరు 10న సిట్రిక్స్ కంపెనీ తన నెట్‌వర్క్ పరికరాలకు ఒక ప్యాచ్ ఇచ్చింది, సిట్రిక్స్ బ్లీడ్ అని పేరుపడిన లోపానికి. ప్యాచ్ వేసినవాళ్ళు కూడా దెబ్బతిన్నారు, ఎందుకంటే దుండగులు ముందే లాగిన్ అయి ఉన్నవారి సెషన్ గుర్తులను దొంగిలించారు, ప్యాచ్ తర్వాత కూడా అవి చెల్లాయి. సెషన్లన్నీ తెంచివేస్తేనే పోయేవి. 2025 జూలైలో షేర్‌పాయింట్ సర్వర్ల మీద దాడుల్లోనూ అంతే, సర్వర్ లోపలి రహస్య సంకేతాలైన మెషీన్ కీలను మార్చేదాకా ప్యాచ్ ఒక్కటీ సరిపోలేదు.

మా ఏజెన్సీలో ఆ పదకొండు రోజుల తర్వాత ఫైర్‌వాల్‌లో ఒక అడ్మిన్ ఖాతా దొరికింది. మాలో ఎవరూ తెరవనిది. అది మిగిలి ఉంటే మళ్ళీ వచ్చేవారు. కాబట్టి ప్యాచ్ వేశాక సెషన్లు తెంచండి, వీపీఎన్ పాస్‌వర్డ్‌లు మార్చండి, ఖాతాల జాబితా తీసి ఒక్కొక్క పేరు పక్కన మనిషి పేరు రాయండి. ప్యాచ్‌కు ముందు లాగ్‌లను, అంటే ఎవరెవరు వచ్చారో, ఏమి చేశారో నమోదయ్యే ఫైళ్ళను, వేరే చోటికి కాపీ చేయండి, రీస్టార్ట్‌తో పోవచ్చు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉంచాలి, దాడి సంగతి తెలిస్తే ఆరు గంటల్లో వారికి చెప్పాలి. ఆ రాత్రి మూడు గంటలకు నాకు ఈ ఆరు గంటల నియమం తెలియదు.

బ్యాకప్ ఒక కాపీ తీగ లాగి పక్కన పెట్టండి. సెలవులన్నాళ్ళూ అది ఏ నెట్‌వర్క్‌లోనూ ఉండకూడదు.

తీరంగాలి · బుధవారం తెల్లవారుజామున 1:48

ఫైర్‌వాల్ ఆదివారం రాత్రి అయింది. మధ్యలో ఒక మెట్టు వెర్షన్ ఉంది, లైట్‌హౌస్ గారు చెప్పకపోతే నేరుగా ఎక్కించి ఉండేవాడిని. వీపీఎన్ నలభై నిమిషాలు ఆగింది, ఎవరూ ఫోను చేయలేదు. సోమవారం ముందుగా మూడు యంత్రాల మీద వేసి చూశాను, ఒకటి ఇన్వాయిస్‌లు ముద్రించేది. సాయంత్రానికి సర్వర్లు, మంగళవారం విన్‌రార్. ఇరవై తొమ్మిది మంది దగ్గర అసలు తీసివేశాను, ఒక్కరు కూడా కావాలని అడగలేదు.

శీతల గిడ్డంగి యంత్రాన్ని వేరు చేశాను. భీమిలి_బాట గారు చెప్పిన కాగితం మీద యజమాని గారు సంతకం పెడుతూ, కొత్తదానికి ఎంతవుతుందని ఆయనే అడిగారు. ఇప్పుడే కొత్త ప్యాచ్‌లు చూశాను, సర్వర్లకు సంబంధించినవి వేసి వచ్చాను. బ్యాకప్ పెట్టె తీగ లాగి, బీరువాలో పెట్టి తాళం వేశాను. మా వీధిలో పిల్లలు అప్పుడే భోగి మంటకు కట్టెలు పేరుస్తున్నారు.

పూర్ణామార్కెట్ · బుధవారం ఉదయం 8:15

పండగ శుభాకాంక్షలు. ఇక ఫోను పక్కన పెట్టి నిద్రపోండి. మా దుకాణం ఫైర్‌వాల్ వెర్షన్ చూద్దామని నేను ఇప్పుడే బయలుదేరుతున్నాను.

తీరంగాలి · సోమవారం ఉదయం 11:26

ఆఫీసు తెరిచాము. అన్నీ నడుస్తున్నాయి. సెలవుల్లో వీపీఎన్ తలుపును బయటి నుంచి వందల సార్లు తట్టినట్టు లాగ్‌లలో ఉంది, లోపలికి వచ్చిన ఆనవాలు లేదు.

ఉప్పుగాలి గారు చెప్పినట్టు ఖాతాల పక్కన మనుషుల పేర్లు రాస్తూ వస్తే రెండు సంగతులు తేలాయి. సీసీ కెమెరాలు బిగించినవారు మూడేళ్ళ క్రితం ఫైర్‌వాల్‌లో ఒక పోర్టును నేరుగా బయటికి తెరిచి వదిలేశారు. పరీక్ష నివేదికలోని 1,412లో అది లేదు. మూసేశాను. రెండవది, ఫైర్‌వాల్‌లో పదకొండు ఖాతాలు ఉంటే పదికే పేర్లు దొరికాయి. పదకొండవది ఫైర్‌వాల్ బిగించిన నెలలోనే తెరిచినట్టు ఉంది, చివరి లాగిన్ తేదీ మాత్రం కనిపించడం లేదు. దాన్ని నిలిపివేసి, బిగించిన కుర్రవాడి కోసం ఆరా తీస్తున్నాను. పాత లాగ్‌ల కాపీలో ఆ ఖాతా పేరును ఎక్కడెక్కడ వెతకాలో ఉప్పుగాలి గారు చెప్పగలరా? సాయంత్రం వరకు సర్వర్ గదిలోనే ఉంటాను.

ఉప్పుగాలి · సోమవారం ఉదయం 11:40

ముందు అడ్మిన్ లాగిన్‌లు, ఆ తర్వాత సెట్టింగుల మార్పుల లాగ్. ప్రతి వరసలో ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చారో చూడండి. మీ ఆఫీసు చిరునామా కానిది ఒక్కటి కనిపించినా దేన్నీ తుడిచివేయకండి, నాకు వెంటనే సందేశం పంపండి. నేను ఫోను దగ్గరే ఉన్నాను.